బల్లకు అవతలి మనిషి

వ్యవసాయం జూదమైపోయిందన్న మాట ఆంధ్రప్రదేశ్‌లోని పొదిలి చుట్టుపక్కల ఎప్పటినుంచో ఉన్నదే. మెట్ట నేల. కురిస్తే ఒక్కసారే కురిసి, లేకపోతే నెలల తరబడి మొహం చాటేసే వాన. వందల అడుగులు దించినా తడి తగలని బోరు. ఇవన్నీ దాటుకుని, బ్యారన్‌లో కాల్చి, గ్రేడు చేసి, బేలు కట్టి తెచ్చిన పొగాకు ముందు కొనుగోలుదారులు ఆగేది కొన్ని క్షణాలే. ఆ క్షణాల్లో మంచి ధర పలకొచ్చు, వేలంలో ఎవరూ కొనకపోతే ‘నో బిడ్’ అని పక్కకు పోవచ్చు. ఏడాది కష్టానికి తీర్పు అంత త్వరగా వచ్చే చోట రైతు తన బతుకును పేకాటతో పోల్చుకుంటే ఎవరు కాదంటారు? అయితే కొన్నేళ్లుగా ఆ పోలికను తిరగేసి మాట్లాడటం వినిపిస్తోంది. సేద్యమే జూదమైనప్పుడు జూదాన్నే సేద్యంగా చేసుకుంటే తప్పేమిటని. పోకర్‌ను ఉద్యోగంగా పెట్టుకున్నవాళ్లు దేశంలో ఉన్నారు. వాళ్లు గాలివాటంగా ఆడరు. లెక్కలు కడతారు, పుస్తకాలు చదువుతారు, గోవా నుంచి లాస్ వేగాస్ దాకా తిరుగుతారు. చదువుకుని ఖాళీగా ఉన్న కుర్రాడికి ఈ బొమ్మ బాగా కనిపించడంలో వింతేమీ లేదు. పైగా దీనికి ఇంకో మెరుపు తోడైంది: దేశదేశాలు తిరగొచ్చు, నానా జాతులవాళ్లతో ఒకే బల్ల దగ్గర కూర్చోవచ్చు, ఊళ్లో ఉండి పెంచుకున్న సంకుచితాలు వాటంతటవే రాలిపోతాయని. పోకర్‌లో నైపుణ్యం ఉందని ఒప్పుకుంటాను. ప్రయాణం మనిషిని మారుస్తుందనీ ఒప్పుకుంటాను. కానీ ఒక పని బతుకుతెరువుగా నిలుస్తుందా, ఒక ప్రయాణం పరాయివాడి పట్ల మన చూపును బాగుచేస్తుందా అన్న రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట దొరుకుతుందని నా వాదన. అవతల కూర్చున్న మనిషి నుంచి మనకు ఏం కావాలి అన్నదాని దగ్గర.

మన న్యాయస్థానాలు అరవై ఏళ్లుగా అడుగుతున్న ప్రశ్న వేరు. నైపుణ్యమా, అదృష్టమా అన్నదే వాటి విచారణ. ఆ చర్చకు పునాది తెలుగు నేల మీదే పడింది. 1963లో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి రమ్మీ ఆడుతున్నవాళ్లను పట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె.సత్యనారాయణకూ మధ్య వ్యాజ్యంగా అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967 నవంబరులో తీర్పు వచ్చింది. మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం మీద నడిచేది, రమ్మీలో పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యపు ఆట అని జస్టిస్ హిదయతుల్లా తేల్చారు. తర్వాత యాభై ఏళ్లకు పైగా రమ్మీ కంపెనీలూ పోకర్ కంపెనీలూ ఆ మాటను తాయెత్తులా కట్టుకుని తిరిగాయి. పోకర్ విషయంలో మాత్రం హైకోర్టులది ఒక్క మాట కాదు. గుజరాత్ హైకోర్టు 2017లో అదృష్టపు ఆట అంది, అలహాబాద్ హైకోర్టు 2024లో నైపుణ్యపు ఆట అంది. పశ్చిమ బెంగాల్ 1957 నాటి చట్టంలోనే పోకర్‌ను జూదం లెక్కలోంచి తప్పించింది. ఇంత చర్చలోనూ సత్యనారాయణ తీర్పులోని రెండో సగం పెద్దగా ఎవరికీ పట్టలేదు. పందెం పెట్టి ఆడే ఆట మీద క్లబ్బు నడిపేవాడు లాభం చేసుకుంటున్నట్టు రుజువైతే నేరం నిలుస్తుందని అదే తీర్పు చెప్పింది. ఆట ఎలాంటిదన్నదానితో పాటు డబ్బు ఎవరి జేబులోంచి ఎవరి జేబులోకి పోతోందో కూడా చూడాలని న్యాయమూర్తులకు ఆనాడే తోచింది. ఆ దారిన ముందుకు నడిచినవాళ్లు తక్కువ, అంతే. తెలంగాణ 2017లో, మన ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యానికీ అదృష్టానికీ మధ్య గీతనే చెరిపేసి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపేసింది. దేశంలోని పెద్ద పోకర్ యాప్‌లు కొద్ది రోజుల్లోనే డబ్బాటలు మూసేశాయి. మా నైపుణ్యాన్ని నేరం చేశారు, మా ఉపాధి తీసేశారు అన్నది వాటి మీద బతికినవాళ్ల గోడు.

నైపుణ్యమని ఒప్పుకున్నంత మాత్రాన ఉపాధి అని కూడా ఒప్పుకోవాలా? ఆట నడిచే తీరు చూస్తే తెలుస్తుంది. ఎక్కువమంది ఆడే టెక్సస్ హోల్డెమ్‌లో ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు మూసి ఇస్తారు, బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు తెరుస్తారు. దఫదఫాలుగా పందెం పెరుగుతుంది. ఎదుటివాడి చేతిలో ఏముందో ఊహించాలి, మన చేతిలో ఏముందో దాచాలి, లేనిది ఉన్నట్టు నమ్మించాలి, ఓటమి కనిపిస్తే అప్పటిదాకా పెట్టింది వదిలేసుకోవాలి. ఇందులో తెలివి లేదనడం తెలివితక్కువతనం. కానీ ఈ తెలివి ఒక్క రూపాయిని కూడా పుట్టించదు. బల్ల మీది కుప్పంతా ఆడేవాళ్లు తెచ్చిన డబ్బే. ఆట ముగిసేసరికి అది చేతులు మారుతుంది, మారుతూ తరుగుతుంది కూడా, ఎందుకంటే కుప్ప కుప్పలోంచీ నిర్వాహకుడు తన కోత తీసుకుంటాడు. తొమ్మిదిమంది తలా పది వేలు తెచ్చారనుకుందాం. గంటకు మూడు వేల చొప్పున కోత పడితే పది గంటలు గడిచేసరికి తొంభై వేలలో ముప్పై వేలు బల్ల దిగిపోయినట్టే. మిగిలిన అరవై వేలలోంచి తను తెచ్చిన పది వేలు పోగా ఏమైనా మిగిలితే అదీ గెలిచినవాడి జీతం. దాని మీద ఆదాయపు పన్ను ఉండనే ఉంది. లాటరీ, గుర్రప్పందెం, పేకాట గెలుపులన్నిటినీ మన చట్టం ఒకే గాటన కట్టి 30 శాతం వసూలు చేస్తుంది. దారి ఖర్చులు చూపించి తగ్గించుకోవడానికి వీల్లేదు. కాబట్టి పోకర్‌తో ఇల్లు గడవాలంటే కాస్త బాగా ఆడితే చాలదు. తనకన్నా బాగా తక్కువ ఆడేవాళ్లు, పోగొట్టుకోవడానికి డబ్బున్నవాళ్లు ఎప్పుడూ దొరుకుతూ ఉండాలి. అలాంటివాణ్ని పోకర్ ఆడేవాళ్లు ‘చేప’ అంటారు. వాళ్ల వృత్తికి ముడిసరుకు ఏమిటో వాళ్లే పేరు పెట్టి చెబుతున్నారు.

ప్రయాణం మొదలయ్యేది ఇక్కడే. ఊళ్లో గెలిచేవాడికి ఊళ్లో ఎక్కువ కాలం ఆట దొరకదు. ఓడినవాళ్ల డబ్బయినా అయిపోతుంది, వాడితో కూర్చోకూడదన్న సంగతైనా తెలిసిపోతుంది. 1950, 60ల్లో టెక్సస్‌లో డాయల్ బ్రన్సన్, అమరిల్లో స్లిమ్ వంటి పోకర్ ఆటగాళ్లు కారేసుకుని ఊరూరా తిరిగింది లోకం చూసే సరదాతోనే అనుకోలేం. కొత్త ఊళ్లో తమను ఎరిగినవాళ్లు ఉండరు. 1970లో లాస్ వేగాస్‌లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మొదలయ్యాక కథ తిరగబడింది, ఓడేవాళ్లే విమానమెక్కి రావడం మొదలైంది. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ 86 డాలర్ల ఆన్‌లైన్ పోటీలో మొదలై ప్రధాన టోర్నీ దాకా వెళ్లి 25 లక్షల డాలర్లు గెలుచుకున్నాడు. ఇంటిపేరు కూడా కలిసొచ్చింది. పరిశ్రమకు అంతకన్నా చవకైన ప్రకటన దొరకలేదు. ప్రపంచమంతటా లక్షలమంది తామూ మనీమేకర్లమేనని నమ్మి బల్ల దగ్గరికి వచ్చారు. అన్ని లక్షలమంది వచ్చారు కాబట్టే కొన్ని వందలమందికి అది వృత్తి అయింది.

ఒక్కో ఆటగాడు ఊరు మారి చేసిన పనిని ప్రభుత్వాలు చట్టం చేసి చేశాయి. మాంటీ కార్లో కాసినోతో పేరు తెచ్చుకున్న మొనాకోలో సొంత పౌరులు ఆ బల్లల దగ్గర ఆడకూడదు. నేపాల్ కాసినోల్లోకి నేపాలీలకు ప్రవేశం లేదు. కంబోడియాలో కంబోడియన్లకు జూదం నిషేధం, కాసినోలు మాత్రం వీధికొకటి వెలిశాయి. దక్షిణ కొరియాలో ఉన్న కాసినోల్లో సొంతవాళ్లను రానిచ్చేది కాంగ్వాన్ ల్యాండ్ ఒక్కటే. సింగపూర్‌లో విదేశీయుడు ఉచితంగా లోపలికి పోవచ్చు, సింగపూర్ పౌరుడు మాత్రం రోజుకు 150 సింగపూర్ డాలర్లు కట్టాలి. మన గోవా కూడా 2020 ఫిబ్రవరి నుంచి గోవావాసులు కాసినోల్లోకి పోకూడదంది. ఇన్ని దేశాలు, ఇన్ని మతాలు, ఇన్ని రకాల ప్రభుత్వాలు ఒకరినొకరు అడక్కుండానే ఒకే నిర్ణయానికి వచ్చాయంటే అందులో ఏదో నిజం ఉండాలి. ఇది హాని అని వాళ్లందరికీ తెలుసు. ఆ హాని పరాయివాడికైతే ఫరవాలేదనుకున్నారు. మనవాడు ఓడితే మన వీధిలో ఏడుపు వినిపిస్తుంది, పరాయివాడి ఏడుపు వాడితో పాటే విమానమెక్కి పోతుంది. పరదేశిని గౌరవించే సంప్రదాయాల గురించి ఎన్ని పర్యాటక ప్రకటనలు వచ్చినా, కాసినో గుమ్మం దగ్గర పాస్‌పోర్టు చూసి లోపలికి పంపే పద్ధతిలో ఆ దేశాలు పరదేశిని ఏమనుకుంటున్నాయో సూటిగా తెలుస్తుంది.

ఆ పరదేశి తరచు మనమే. హైదరాబాద్ నుంచి, కోస్తా పట్టణాల నుంచి గోవాకు, కాఠ్మండుకు, కొలంబోకు మూడు రోజుల ప్యాకేజీల మీద వెళ్లొచ్చేవాళ్లు ఏ దేశం చూసినట్టు? విమానాశ్రయం, హోటలు, బల్ల, మళ్లీ విమానాశ్రయం. తిరిగొచ్చి చెప్పే కబురు ‘అక్కడ ఏదైనా నడుస్తుంది’ అని. 2023 మే మొదటి రోజున పట్టాయాలో ఒక హోటల్ మీద థాయ్ పోలీసులు దాడి చేసి పేకాట ఆడుతున్న తొంభై మందికి పైగా మనుషులను పట్టుకుంటే, వాళ్లలో ఎనభై మందికి పైగా భారతీయులే. తెలుగువాళ్లూ ఉన్నారు. థాయ్‌లాండ్‌లో జూదం మీద, పేకముక్కల మీద 1935 నాటి కఠినమైన చట్టాలు ఉన్నాయి. అనుమతి లేకుండా 120 పేకముక్కలకు మించి దగ్గర ఉంచుకున్నా నేరమే. 2016లో అదే పట్టాయాలో బ్రిడ్జి ఆడుకుంటున్న ముప్పైమందికి పైగా విదేశీ వృద్ధులను ఆ చట్టాల కిందే స్టేషనుకు తీసుకుపోయారు. ఏదైనా నడుస్తుందనుకుని వెళ్లిన దేశం మనకన్నా కఠినమైనదని తెలుసుకునేంత కుతూహలం కూడా ఆ ప్రయాణంలో లేదు. ఎన్నిసార్లు వెళ్లొచ్చినా ఆ దేశపు మనిషి గురించి ఒక్క కొత్త సంగతీ తెలియకపోవడం ఇలాగే సాధ్యమవుతుంది.

ప్రయాణం మనసును మారుస్తుందా అన్నదానికి గట్టి సాక్ష్యం దొరకడం కష్టం. విశాల హృదయులే ఎక్కువ తిరుగుతారేమో, ఎవరు చెప్పొచ్చారు? 2006లో పాకిస్తాన్‌లో హజ్ యాత్రికులను లాటరీ తీసి ఎంపిక చేశారు కాబట్టి, పేరు వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ పోల్చి చూసే వీలు ఆర్థికవేత్తలకు దొరికింది. వెళ్లొచ్చినవాళ్లలో ఇతర జాతుల, ఇతర శాఖల పట్ల సహనం పెరిగింది. ఆడపిల్లల చదువు పట్ల, అన్యమతస్థుల పట్ల కూడా చూపు మెత్తబడింది. ఇది ప్రయాణాన్ని మెచ్చుకునేవాళ్లకు బలమైన ఆధారమే. అయితే ఆ ప్రయాణం ఎలాంటిదో మరిచిపోకూడదు. లక్షలమంది పరాయివాళ్లు ఒకే బట్ట కట్టుకుని, ఒకే పని కోసం, ఒకరి పక్కన ఒకరు నడుస్తారు. ఒకరి పుణ్యం పెరిగితే ఇంకొకరిది తగ్గదు. దీనికి జోడీగా మన దేశంలోనే జరిగిన మరో ప్రయోగాన్ని చూడాలి. మాట్ లో అనే ఆర్థికవేత్త ఉత్తరప్రదేశ్ పల్లెల్లో పన్నెండు వందల మందికి పైగా యువకులతో క్రికెట్ లీగులు నడిపాడు. కొందరిని వేరే కులాలవాళ్లతో కలిపి ఒకే జట్టులో వేశాడు, కొందరికి వేరే కులాలవాళ్లు ప్రత్యర్థులుగా ఎదురయ్యేట్టు చేశాడు. ఒకే జట్టులో ఆడినవాళ్ల మధ్య కులం దాటిన స్నేహాలు పెరిగాయి. ప్రత్యర్థులుగా ఎదురైనవాళ్ల మధ్య మొత్తంమీద రాకపోకలు పెరగకపోగా తగ్గాయి. మైదానం ఒకటే, ఆట ఒకటే, మనుషులూ ఒకటే. ఎటువైపు నిలబడ్డారన్నదే తేడా.

పోకర్ ప్రేమికులు దీనికి చెప్పే జవాబు వినదగ్గదే. బల్ల దగ్గర కులం లేదు, రంగు లేదు, పాస్‌పోర్టు లేదు అంటారు. చిన్నతనంలో చైనా వదిలి అమెరికా చేరిన జానీ చాన్ 1987, 88ల్లో వరుసగా ప్రపంచ విజేత అయ్యాడు. వియత్నాం నుంచి శరణార్థిగా వచ్చిన స్కాటీ ఎన్గుయెన్ 1998లో గెలిచాడు. ఇరాన్‌లో పుట్టి జర్మనీలో స్థిరపడ్డ హొసేన్ ఎన్సాన్ 2019లో గెలిచాడు. 2018లో మన నికితా లూథర్ జట్టు పోటీలో వరల్డ్ సిరీస్ విజేతలకిచ్చే బ్రేస్‌లెట్ సంపాదించింది. వేరే ఏ కొలువులోనూ అంత త్వరగా కుర్చీ దొరకనివాళ్లకు ఆ బల్ల కుర్చీ వేసింది. ఇది చిన్న విషయం కాదు, దీన్ని కాదనను. ఎదుటివాడి దేశాన్ని బట్టి వాడు ఇలాగే ఆడతాడని గుడ్డిగా అనుకునేవాడికి జేబు ఖాళీ అవుతుందన్నదీ నిజమే. దురభిప్రాయానికి అంత వెంటనే జరిమానా పడే చోటు ఇంకోటి లేదేమో. కానీ జానీ చాన్‌కు ఆ లోకం పెట్టిన ముద్దుపేరు ‘ఓరియంట్ ఎక్స్‌ప్రెస్’. రెండుసార్లు గెలిచినా అతను తూర్పు నుంచి వచ్చినవాడే. పైగా ఎదుటివాణ్ని శ్రద్ధగా చదవడమూ వాడి మంచి కోరడమూ ఒకటి కాదు. కనుబొమ్మ కదిలితే చాలు ఏమనుకుంటున్నాడో పట్టేసే ఆటగాడు, ఆ పట్టును వాడికి వ్యతిరేకంగానే వాడాలి, వాడకపోతే అతనికి జీతం లేదు. ఆ బల్ల దగ్గరి సమానత్వం సంతలో నాణేల మధ్య ఉండే సమానత్వం లాంటిది, ఎవరి చేతిలోంచి వచ్చినా చెల్లుతుంది.

అసలు గట్టి అభ్యంతరం పొదిలి లాంటి చోటు నుంచే రావాలి. పొగాకు పండించే ఊరికి పోకర్‌ను తప్పుపట్టే హక్కేమిటని ఎవరైనా అడగొచ్చు. పరాయివాడి ఊపిరితిత్తుల మీద నడిచే పంట కాదా అది? బ్రెజిల్‌లో, జింబాబ్వేలో పంట దెబ్బతిన్న ఏడాది ఇక్కడ ధర పెరగలేదా? 2024లో ఒంగోలు, టంగుటూరు, కొండపి, కనిగిరి, పొదిలి వేలం కేంద్రాల్లో రైతు మొహం వెలిగిందంటే అందులో ఆ దేశాల పంట నష్టానికీ భాగముంది. ఏడాది తిరిగేసరికి అవే కేంద్రాల్లో నో బిడ్‌లు గుట్టలు పడ్డాయి. మిరపదీ అదే దారి. 2021లో ఎక్కడినుంచో వచ్చిన నల్ల తామర పురుగు చేలను ఊడ్చేసింది. తర్వాత మంచి ధరలు వచ్చాయి, 2025 మొదట్లో గుంటూరు యార్డులో ధర పడిపోయి కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల రేటుతో మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సి వచ్చింది. పోకర్‌లో కనీసం యాభై రెండు ముక్కలే ఉంటాయని తెలుసు, సేద్యంలో పేకలో ఎన్ని ముక్కలున్నాయో కూడా తెలియదు. రిస్కు విషయంలో రైతు పేకాటరాయుడికన్నా అధ్వానపు చేతితో ఆడుతున్నాడని ఒప్పుకోక తప్పదు. పొగాకు గురించిన నైతిక ప్రశ్న కూడా నిజమైనదే, దాన్ని పక్కదారి పట్టించను. ప్రత్యామ్నాయ పంట చూపించకుండా రైతును నిందించడం అన్యాయం, అంతవరకే నా సమాధానం.

ఇంతా ఒప్పుకున్నాక కూడా తేడా మిగిలే ఉంది. జింబాబ్వే పంట పోవడం పొదిలి రైతుకు ఒక ఏడాది కలిసొస్తుంది, కానీ అతని సేద్యం నడవడానికి అది పోనక్కర్లేదు. ఇద్దరికీ పండి, ఇద్దరికీ ధర వచ్చిన ఏళ్లు ఉన్నాయి. బల్ల మీద అందరూ గెలిచిన రాత్రి ఉండదు. మిరప రైతు దివాలా తీసిన ఏడాది కూడా మిరపకాయ ఎవరి వంటింట్లోకో చేరుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ పంటలు పరాయివాణ్ని పనిలో భాగస్వామిగా తెచ్చిపెడతాయి. ఆదోని, కోసిగి వైపు నుంచి మిరప కోతలకు కుటుంబాలకు కుటుంబాలు తరలివచ్చి నెలల తరబడి చేల గట్ల మీద గుడారాలు వేసుకుంటాయి. పొదిలి, కనిగిరి మెట్టల నుంచి బేల్దారి పనికి బెంగళూరుకూ హైదరాబాద్‌కూ పోయినవాళ్లు ఒడిశావాడితో, బిహారువాడితో కలిసి ఒకే గోడ కడతారు. ఆ సంబంధాల్లో దోపిడీ ఉంది, కూలి ఎగ్గొట్టడాలున్నాయి, వెటకారాలున్నాయి. అయినా గోడ లేవాలంటే ఇటుక అందించేవాడు కుదురుగా ఉండాలి. వాడు పడిపోతే మనకు లాభం లేదు.

ఈ ప్రాంతపు చరిత్రలోనే దీనికి పాత ఉదాహరణ ఉంది. 1876–78 ధాత కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల ముక్కను కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి పని కల్పించాడు. ఆయన వచ్చింది మతం ఇవ్వడానికి. తెల్లవాడి అధికారం ఆయన వెనక ఉంది. ఆ సంబంధం సమానులది కాదు, దాని మీద వాదాలు ఈనాటికీ నడుస్తున్నాయి. కానీ ఒంగోలు ప్రాంతంలో అంటరానివాళ్లుగా చూడబడ్డవాళ్లు ఒక విదేశీయుణ్ని తమవాడిగా తలచుకోవడానికి ప్రసంగాలకన్నా ఆ కాలువ మట్టికి ఎక్కువ బలం ఉందనుకుంటాను. ఒకరి బతుకు ఇంకొకరి పనితో ముడిపడిన చోట పరాయితనం ఎంతో కొంత కరుగుతుంది.

ఇదే కొలతతో మనం అటువైపు నిలబడ్డ సందర్భాన్నీ చూడాలి. అమెరికాలో తెలుగువాడి ఉద్యోగం చూసి ‘మాది తన్నుకుపోయాడు’ అనేవాడు ఉద్యోగాల లోకాన్ని పోకర్ బల్లగా చూస్తున్నాడు. కుప్ప ఇంతే, వాడికి పోయిందంటే నాకు రానట్టే అన్నది ఆ లెక్క. హెచ్-1బీ వీసా కూడా లాటరీయే కావడం ఒక వింత, 2025 సెప్టెంబరులో దాని కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము పడటం ఆ లెక్కకు కొనసాగింపు. మనకు అది అన్యాయంగా తోస్తుంది. హోటల్లో హిందీ మాట్లాడే సర్వరునూ, భవనాల దగ్గర ఒడియా కూలీనీ చూసి ‘మన పనులన్నీ వీళ్లకే’ అన్నప్పుడు మాత్రం మనమూ అదే బల్ల దగ్గర కూర్చుంటాం. జూదాన్ని వృత్తిగా గౌరవించడంలో నాకు కనిపించే ప్రమాదం డబ్బు పోవడం ఒక్కటే కాదు. కుప్ప చుట్టూ కూర్చునే అలవాటు బల్ల దగ్గర లేనివాళ్లకూ అంటుకుంటుంది.

జూదాన్ని ఉపాధిగా చేసుకుని పరాయి దేశంలో బతికిన మొదటి పెద్దమనిషి మనకు తెలియనివాడు కాదు. అజ్ఞాతవాసంలో ధర్మరాజు కంకుభట్టుగా విరాటుడి కొలువులో చేరింది పాచికలాటతోనే. అన్నదమ్ములు వంట చేశారు, గుర్రాలను చూశారు, ఆవులను కాశారు, నాట్యం నేర్పారు, భార్య సైరంధ్రి అయింది. ఆరుగురిలో ఏమీ తయారు చేయని, ఏదీ పోషించని, ఏదీ నేర్పని పని ఆయనొక్కడిదే. రాజు దగ్గర గెలిచిన సొమ్మును రాజుకు తెలియకుండా తమ్ముళ్లకు పంచేవాడని వ్యాసుడు చెబుతాడు. ఏడాది చివర, ఉత్తరుడి గెలుపు బృహన్నల చలవేనని నిజం పలికినందుకు అదే రాజు అదే పాచికలు ఆయన మొహాన విసిరికొట్టాడు, ముక్కున రక్తం కారింది. ఏడాది పాటు ఎదురెదురుగా కూర్చుని ఆడినా విరాటుడికి కంకుభట్టు ఎవరో తెలియలేదు. వానలు పడాలని ఊళ్లలో విరాటపర్వం చదివించే అలవాటు మనది. పొదిలి లాంటి చోట చాలాసార్లే చదివించి ఉంటారు. ఈ ఘట్టం దగ్గర కాస్త ఆగితే బాగుండేది.

చివరిగా నిషేధం సంగతి. నిషేధంతో పేకాట పోదని చరిత్ర చెబుతుంది, నిషేధాన్ని నేను మందుగా చూడటం లేదు. ఆడేవాణ్ని జైలుకు పంపకపోవడం 2025 చట్టంలో మెచ్చుకోదగ్గ భాగం. సరదాగా పదిమంది కూర్చుని ఆడుకుంటే సమాజం కూలిపోదు, సినిమాకు పెట్టినట్టే దానికీ కొంత పెట్టి పోగొట్టుకుంటారు. నా అభ్యంతరమల్లా దాన్ని ఉద్యోగ ప్రకటనలా చూపించడం మీద. నిషేధం వల్ల ఆట విదేశీ సైట్ల వైపు పోతుందన్న వాదనకు బలముంది, కానీ ఆ వాదన నడిచి చేరే చోటు కూడా చూడాలి. కంబోడియా 2019 చివర్లో ఆన్‌లైన్ జూదాన్ని ఆపేశాక, సిహనూక్‌విల్ లాంటి చోట్ల కాసినోల కోసం కట్టిన భవనాలు సైబర్ మోసాల శిబిరాలుగా మారాయి. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి వెళ్లిన ఉత్తరాంధ్ర కుర్రాళ్లు అక్కడ చిక్కుకున్న సంగతి 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. అక్కడినుంచి ఫోన్లు చేయించి మన దేశంవాళ్లనే మోసం చేయించారు. విదేశం వెళ్లి తన ఊరివాణ్నే చేపగా పట్టాల్సిన ఉద్యోగం అది. ఇక ఆన్‌లైన్ పోకర్‌తో బతకాలనుకునేవాడికి అసలు ఇబ్బంది చట్టం నుంచి రాలేదు, యంత్రం నుంచి వచ్చింది. 2017 జనవరిలో పిట్స్‌బర్గ్ కాసినోలో లిబ్రాటస్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం నలుగురు ఆరితేరిన ఆటగాళ్లతో లక్షా ఇరవై వేల చేతులు ఆడి నలుగురినీ ఓడించింది. 2019లో ప్లూరిబస్ అనేది ఆరుగురు కూర్చునే బల్ల దగ్గర కూడా గెలిచింది. యంత్రం అలసిపోదు, దానికి మొహం మారదు, మూలధనం అయిపోతుందన్న భయం లేదు. రాత్రి పన్నెండు దాటాక పొదిలిలో ఎవరైనా ఫోనులో ఏదో దేశపు సైటు తెరిచి పందెం కాస్తే, బల్లకు అవతల ఉన్నది ఫిలిప్పీన్స్ మనిషో, బ్రెజిల్ మనిషో, అసలు మనిషే కాదో తెలుసుకునే దారి అతనికి లేదు.